మూలకు రాని మూలమట్టం

రాసుకునే గది మూలలో రెండు టేకు బల్లలు ‘ఎల్’ ఆకారంలో వేయించుకోవాలన్నది నా పాత కోరిక. ఈ వారం వేయించాను.

మేస్త్రి మొదటి బల్లను ఒక గోడకు ఆనించగానే రెండో గోడ దగ్గర సందు తేలింది. కళ్లజోడు పెట్టె దూరేంత. టేపు తీశాం. మూల నుంచి ఒక గోడ మీద 3 అడుగులు, రెండో గోడ మీద 4 అడుగులు గుర్తుపెట్టి ఐమూలగా కొలిస్తే సరిగ్గా 5 అడుగులు రావాలి. తాపీ మేస్త్రీలు పునాదికి ముగ్గు పోసేటప్పుడు చూసేదీ ఇదే. మాకు 5 అడుగుల ఒకటిన్నర అంగుళం వచ్చింది. అంటే మూల 90 కాదు, 93 డిగ్రీలు. నాలుగడుగుల పొడుగున ఆ 3 డిగ్రీలే రెండున్నర అంగుళాలు తింటాయి.

వాస్తు మీద నా కక్ష ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఈశాన్యం పెంచమని ఎవరో సిద్ధాంతి చెప్పుంటాడు, కట్టినవాడు గోడ పక్కకు లాగుంటాడు. పేజీడు తిట్లు మనసులో రాసేసుకున్నాను. ఇల్లు అమ్మిన పెద్దాయనకు ఫోన్ చేస్తే నవ్వారు. “వాస్తూ లేదు, పాడూ లేదండీ. మన వీధి కాలువ వెంట పోతుంది కదా, స్థలమే క్రాసు.” నిజమే. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. దాని కాలువలు నేల వాలును బట్టి పోయాయి. ఏలూరు కాలువ పక్క వీధి కాలువను బట్టి, మా గోడ వీధిని బట్టి. తిట్లన్నీ దండగైపోయాయి.

“పాత పేపర్లున్నాయా మాస్టారూ?” అన్నాడు మేస్త్రి. రెండు షీట్లు గోడలకు ఆనించి, ఒకదాని మీద ఒకటి వచ్చినచోట అంటించి, మూలను అలాగే ఎత్తి బల్ల మీద పరిచాడు. అందులో ఒకటి నా కాలమే. కోత గీత సరిగ్గా నా ఫొటో చెవి మీదుగా పోయింది. తర్వాత చిన్న చెక్కముక్క గోడకు ఆనించి, దానికి పెన్సిల్ చేర్చి ఈ చివర నుంచి ఆ చివరకు లాగాడు. గోడ మిట్టపల్లాలన్నీ టేకు మీద గీతగా దిగాయి.

ఫొటో ఫ్రేములా ఏటవాలుగా కోసి కలపమన్నాను. ఒప్పుకోలేదు. “టేకు పొడుగున కదలదు, వెడల్పున కదుల్తుంది. ఎండకో పక్క, వానకో పక్క నోరు తెరుస్తుంది.” ఒక బల్ల గోడ దాకా పోనిచ్చి, రెండోది దానికి ఆనించాడు. పైగా గోడ పొడుగునా ఒక నూలు సందు వదిలాడు!

ఆ సందు చూస్తే దివిసీమలో మా తాత ఇంటి వీధితలుపు గుర్తొచ్చింది. కింద నల్లరేగడి. వానల్లో నేల ఉబ్బి గుమ్మం ఒరిగేది, తలుపు బిగుసుకునేది. ఎండల్లో నేల బీటలిచ్చి తలుపు పక్కన పిల్లి దూరేది. ఏటా శ్రావణంలో ఊరి వడ్రంగి వచ్చి కాస్త చిత్రిక పట్టిపోయేవాడు. డబ్బు లేదు, కళ్లంలో మేర కొలిచేవాళ్లు. మేర పోతుందని వీడు ఇంతింతే గీకుతున్నాడని మా నాయనమ్మ అనుమానం. ఒక ఏడు పట్టుబట్టి బాగా చెక్కించింది. వేసవికి గడియ అందలేదు. ఆ ఎండాకాలమంతా తలుపుకి రోకలి అడ్డం పెట్టి పడుకున్నాం.

పని వచ్చినవాడు సందు ఉంచడని ఇరవై ఏళ్లుగా ఇక్కడే రాస్తున్నాను. ఇప్పటికి రెండు రీఫిళ్లు ఆ సందులోంచి కిందపడ్డాయి. లప్పం కొట్టమని మేస్త్రికి ఫోన్ చేయలేదు.