మడిచే బల్లకు కాలు ఎక్కడ ఆనాలి

జంగమకోటెలోనూ చుట్టుపక్కల శిడ్లఘట్ట తాలూకా పల్లెల్లోనూ డైనింగ్ టేబుల్ మాట ఇప్పుడు మోకాళ్ల దగ్గర మొదలవుతోంది. జీవితమంతా చాప మీద కూర్చుని సంగటి ముద్ద తిన్న పెద్దవాళ్లకు ఒక వయసొచ్చేసరికి కింద కూర్చోవడం కష్టం, కూర్చున్నాక లేవడం ఇంకా కష్టం. డాక్టరు కింద కూర్చోవద్దంటారు. బెంగళూరులో ఉన్న కొడుకో కూతురో ఫోన్ చేసి, “టేబుల్ కొందాం నాన్నా” అంటారు. చూస్తే నడిమిల్లు వెడల్పు పదడుగులు. అందులోనే మంచం, బీరువా, టీవీ. నలుగురు కూర్చునే బల్ల అంటే నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. కుర్చీ వెనక్కి జరిపి లేవడానికి ఒక్కో వైపు ఇంకో రెండున్నర అడుగులు. దాన్ని వేశాక ఆ గదిలో నడవడానికి దారి మిగలదు. కాబట్టి మడిచే బల్ల.

పనికి తగ్గట్టు ఇంటిని పరిచి, పని కాగానే ఎత్తిపెట్టడం మా వైపు వాళ్లకు కొత్త కాదు. ఇది పట్టు పండే నేల. పురుగులకు వేరే షెడ్లు రాకముందు అవి మనుషులుండే ఇంట్లోనే పెరిగేవి. మొదట్లో ఒక మూల రెండు తట్టలు చాలు. నాలుగో జ్వరం, అంటే పొర విడిచే నిద్ర, దాటి లేచిన పురుగు ఆకలి మాత్రం వేరు: పుట్టింది మొదలు గూడు కట్టేదాకా తినే ఆకులో ఐదింట నాలుగు వంతులకు పైగా ఆ చివరి వారంలోనే తింటుంది. నూరు మొట్టెల (నూరు పట్టుచిలుకలు పెట్టిన గుడ్ల) పంటకు అప్పుడు నాలుగైదు వందల చదరపు అడుగుల చోటైనా కావాలి. అందుకే తట్టలను అంతస్తులుగా పేర్చేవాళ్లు. మంచం నిలబెట్టేవాళ్లు, చాపలు చుట్టేసేవాళ్లు, అన్నం అరుగు మీద తినేవాళ్లు. పురుగు పండగానే ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న వెదురు చంద్రికలు, పురుగు గూడు కట్టే తడకలు, వచ్చేవి. ఒక్కో దాని మీద సుమారు వెయ్యి పురుగులు. నాలుగైదు రోజుల్లో గూళ్లు విడదీసి మార్కెట్టుకు పంపాక ఆ చంద్రికలు గోడకు ఆనించిన వరుసలో ఒదిగిపోయేవి. ఇల్లు మళ్లీ మనుషులది.

అంత పెద్ద సరంజామాను ఇంట్లో ఇముడ్చుకున్నవాళ్లు ఏ వస్తువునైనా పని అయ్యాక ఎక్కడ నిలబెడతామని ముందుగా చూసేవాళ్లు. మడిచే బల్ల కొనేటప్పుడు కూడా ఈ చూపే కావాలంటాను. దుకాణంలో బల్లను ఎప్పుడూ పూర్తిగా విప్పే చూపిస్తారు, మనం దాని అందం చూస్తాం. మడిచి చూపించమని అడగండి. టేపుతో ఆ మందం కొలవండి. బెంగళూరు నాగసంద్రలో 2022లో తెరిచిన ఐకియాలో నోర్డెన్ అనే బల్ల ఉంది. రెండు రెక్కలూ దించితే 26 సెంటీమీటర్లు, అంటే పదంగుళాల పైచిలుకు. ఒక రెక్క ఎత్తితే 89, రెండూ ఎత్తితే 152. రోజూ ఒక రెక్క, పండగనాడు రెండు అనుకునే ఇంటికి ఆ లెక్క బాగుంటుంది. గోడకు బిగించే పలక అయితే మడిచినప్పుడు నాలుగంగుళాలకు మించదు. టీపాయ్‌లా ఉండి పైకి లేచి భోజనాల బల్ల అయ్యే రకం కూడా అమ్ముతున్నారు. బరువు ఎక్కువ, కీళ్లు ఎక్కువ; పల్లెలో ఆ స్ప్రింగు పాడైతే బాగుచేసేవాళ్లు దొరకరు. దాన్ని వదిలేయండి.

చోటు ఒక్కటే చూసుకుంటే గోడ పలకను మించింది లేదు. కానీ ఈ బల్ల ఎవరి కోసం తెస్తున్నాం? మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి తిన్నాక ఎలా లేస్తారో గమనించండి. రెండు అరచేతులూ బల్ల అంచున ఆనించి, ఒంటి బరువులో కొంత దాని మీద వేసి లేస్తారు. గోడ పలక రెండడుగులు ముందుకు వస్తుందనుకోండి. దాన్ని మోసే ఏటవాలు బ్రాకెట్ గోడను అడుగు ఎత్తు మేర పట్టుకుని ఉంటుంది. అంచున 20 కిలోల బరువు పడితే పై స్క్రూలను గోడలోంచి బయటికి లాగే బలం 40 కిలోలవుతుంది. ఇది పూటపూటా జరిగే పని. మట్టిగోడలో ఆ స్క్రూ నిలవదు. నాలుగంగుళాల హాలో బ్లాక్ గోడలో ప్లగ్గు లోపలి ఖాళీలోకి పోతుంది. నిలువు బండలతో కట్టిన పాత ఇళ్లలో రాయి గట్టిదే గాని అంచుకు దగ్గరగా రంధ్రం వేస్తే పగులుతుంది. ఇటుక గోడకో సాలిడ్ బ్లాక్ గోడకో యాంకర్ బోల్టులు వేస్తే చాలాకాలం ఉంటుంది. అయినా పెద్దవాళ్లున్న ఇంట్లో నేలకు ఆనే కాలు లేని బల్ల వద్దనే చెబుతాను. గోడ పలకే కావాలనుకుంటే ముందు అంచుకు మడత కాలు ఒకటి పెట్టించండి. బరువు నేల మీదికి దిగుతుంది, గోడకు విశ్రాంతి.

రెక్కల బల్లకు ఇంకో సంగతి. ఇంగ్లండులో 17వ శతాబ్దంలో బాగా వాడుకలోకి వచ్చిన రకం ఇది. గేటు తెరుచుకున్నట్టు కాలు బయటికి తిరిగి రెక్కను మోస్తుంది. ఆ కాలు రెక్క మధ్యలోనే ఆగిపోతే, అంచున నొక్కినప్పుడు బల్ల అవతలి వైపు లేస్తుంది. మనిషి ముందుకు తూలుతాడు, గిన్నెలో వేడి చారు ఒంటి మీదికి. కాలు అంచుకు నాలుగైదు అంగుళాల లోపు ఆనాలి. దుకాణంలో సంకోచం వద్దు. కుర్చీ వేయించుకుని కూర్చోండి, అంచున చేతులు పెట్టి లేవండి. వీలైతే అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లి వాళ్లనే లేచి చూడమనండి. బల్ల ఎత్తు 29, 30 అంగుళాలు, కుర్చీ 17, 18 ఉంటే మామూలు మనిషికి సరి. పొట్టిగా ఉన్న ముసలమ్మకు పాదాలు నేలకు అందకపోతే కింద పీట వేయాలి.

చెక్క గురించి మా వైపు ఆచారి ఒకాయన చెప్పింది నాకు నచ్చింది: “అన్నా, బల్లను ఎండ చంపదు, తడిగుడ్డ చంపుతుంది.” తిన్న ప్రతిసారీ తడిగుడ్డతో తుడుస్తాం. పార్టికల్ బోర్డు అంచులోకి నీరు దిగితే ఉబ్బుతుంది, ఉబ్బిన చోట స్క్రూ వదులవుతుంది, మడత బల్లకు ప్రాణమంతా ఆ స్క్రూల దగ్గరే. ప్లైవుడ్ అయితే ఐఎస్ 710 గుర్తు చూసి తీసుకోండి. అది నీటికి తట్టుకునే రకం. అంచులన్నిటికీ పట్టీ వేయించాలి. కీలు రెండు చోట్ల కాక పలక పొడవునా ఒకే పట్టీగా ఉండేది మేలు, దాన్నే పియానో హింజ్ అంటారు. ప్లైవుడ్ అంచులోకి స్క్రూ దించితే పొరలు విడిపోతాయి. పలక ముఖంలోంచి బోల్టు వేసి అవతల నట్టు బిగించమనండి.

మడిచే బల్ల మడవకుండా ఉండిపోవడానికి కారణం చాలా ఇళ్లలో ఒకటే: దాని మీద సామాను చేరుతుంది. ఊరగాయ జాడీ, ఉప్పు డబ్బా, మందుల కవరు, కరెంటు బిల్లు. వాటిని తీసి పెట్టే చోటు చేతికందేలా ఉంటేనే బల్ల మూతపడుతుంది. పాత ఇళ్లలో గోడ గూళ్లు ఈ పనే చేసేవి. కొత్త ఇంట్లో అడుగు లోతు అరలు రెండు బల్ల పక్కనే వేయించుకోండి. ఒక్క చేత్తో మడవగలగాలి, ఎందుకంటే రెండో చేతిలో ఎంగిలి కంచాలుంటాయి. పిల్లలున్న ఇంట్లో రెక్క దానంతట అది పడకుండా గొళ్లెం తప్పదు.

జపాన్‌లో చాబుదై అనే పొట్టి బల్ల ఉండేది. కాళ్లు లోపలికి మడిచి గోడకు ఆనిస్తే అదే గదిలో రాత్రి పడకలు పరుచుకునేవాళ్లు. అంతకుముందు ఎవరి భోజనం పళ్లెం వాళ్లకు విడిగా పెట్టుకున్న కుటుంబాలు, 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ఇది వ్యాపించాక ఒకే బల్ల చుట్టూ చేరాయి. మన ఇళ్లలో దీనికి ఎదురుగా జరిగే ప్రమాదం ఉంది: అవ్వ ఒక్కతే కుర్చీలో, మిగతావాళ్లంతా ఎప్పటిలా కింద. ఆమె అన్నం పైన, మాటలు కింద. అందుకే ఒంటరి పలక చాలదు. కనీసం ఇద్దరికి పట్టేది, ఒక్కొక్కరికి రెండడుగుల వెడల్పు ఉండేది తీసుకోండి. మనవరాలో కోడలో రోజూ పక్కన కూర్చుంటారు.

ఇక కుర్చీలు. నాలుగు మామూలు కుర్చీలు కొంటే బల్ల మిగిల్చిన చోటంతా అవే తినేస్తాయి. ఒకదాంట్లో ఒకటి ఇమిడే స్టూళ్లు మిగతావాళ్లకు సరిపోతాయి. పెద్దవాళ్లకు మాత్రం మడత కుర్చీ వద్దు, స్టూలు అసలే వద్దు. చేతులున్న బరువైన కుర్చీ ఒకటి బల్ల విప్పే చోట ఎప్పుడూ ఉండాలి. గది కొలతలు వేసేటప్పుడు దాని రెండడుగులు ముందే తీసి పక్కన పెట్టి, మిగిలిన చోటుకు సరిపడే బల్ల వెతకండి.