పటములోని బల్లి

రాజకీయములందలి యొక దుర్నయమునకు పేరు పెట్టినది శాసనసభ కాదు, ఒక బొమ్మ. 1812వ సంవత్సరము మార్చి 26వ తేదీన బోస్టన్ గెజెట్ పత్రికలో నది వెలువడెను. మాసచూసెట్స్ రాష్ట్రమున ఎసెక్స్ ప్రాంతపు సెనేటు నియోజకవర్గము మెలికలు తిరిగి యుండుట చూచి, ఆ హద్దులకు తలయు గోళ్లును రెక్కలును తగిలించి యొక వింత మృగముగా చిత్రించిరి. ఆ హద్దుల చట్టముపై సంతకము చేసిన గవర్నరు ఎల్బ్రిడ్జి గెర్రీ పేరును, సాలమాండరను బల్లివంటి జంతువు పేరును అతికి దానికి నామకరణము చేసిరి. ఆయన గెర్రీయే గాని, మాట మాత్రము నేడు జెర్రీమాండర్ అని పలుకబడుచున్నది.

ఆ యేటి యెన్నికలలో ఫెడరలిస్టులకు ఓట్లు కొంచెము హెచ్చుగా వచ్చినను 40 స్థానములలో దక్కినవి 11 మాత్రమే. గెర్రీ పక్షమునకు 29. గెర్రీ మాత్రము ఓడిపోయెను. గవర్నరు పదవికి రాష్ట్రమంతయు నొకటే వర్గము గదా, అచట గీతలకు పనిలేదు!

వ్యంగ్యచిత్రముగా అది యుత్తమమైనదే. అయినను లోకమున కొక తప్పు పాఠమును నేర్పినదని మా యభిప్రాయము. వంకర యున్నచోటనే వంచన యున్నదని చూపరులు నమ్మసాగిరి. లెక్క వేసి చూతము. ఒక పట్టణమున 50 ఇండ్లు, ఇంటి కొక ఓటు, ఐదు వార్డులు. 30 ఇండ్లు ఒక పక్షమువి, 20 రెండవ పక్షమువి. ప్రతి వార్డునను 6కు 4 చొప్పున పడునట్లు గీచినచో మొదటివారికే ఐదు స్థానములును. మొదటివారిని రెండు వార్డులలో తొమ్మిదేసిగా క్రుక్కి, తక్కిన మూటను నాలుగేసిగా చెదరగొట్టినచో, 20 ఇండ్లవారికి మూడు స్థానములు! రెండు పటములును ముగ్గు పెట్టినంత తీరుగా నుండవచ్చును. ఇక కన్ను దేనిని తప్పుపట్టును?

శాసనసభల హద్దులనుగూర్చి పత్రికలు వ్రాయును. వీధిదీపములు, మురుగుకాలువలు చూచు సభల హద్దులను పట్టించుకొనువా రరుదు. పట్టించుకొన్న రాష్ట్రములలో కాలిఫోర్నియా యొకటి. కౌంటీలకును నగరములకును 2019లో నది చేసిన చట్టము హద్దులకు వరుసగా నియమములు విధించెను: భాగములు తెగక కలిసియుండవలె, ఇరుగుపొరుగు పేటలను చీల్చరాదు, గుర్తుపట్టదగిన సరిహద్దులు వలయును. ఆకారపు ఒద్దిక కడపట వచ్చును. బొమ్మ నేర్పిన పాఠమును ఈ వరుస సవరించినదనవచ్చును. ఒక పక్షమునకు మేలో కీడో చేయు నుద్దేశముతో గీయరాదనియు శాసించెను. 2023లో, పదవియందున్న సభ్యులకును అభ్యర్థులకును ఈ నిషేధమును విస్తరించిరి.

కాని యుద్దేశ మెవ్వరి నుదుట వ్రాసియుండును? లాస్ ఏంజిలీస్ నగరసభకు 15 మంది సభ్యులు. అచటి యెన్నికలు పక్షముల పేర జరుగవు. 2021 అక్టోబరులో ముగ్గురు సభ్యులును ఒక కార్మిక నాయకుడును ఏకాంతమున చేరి, ఎవరి భాగమున కేమి చేరవలెనో, ఎవరి బలము తగ్గవలెనో మాటలాడుకొనిరి, జాతిదూషణలును దొర్లెను. ఆ సంభాషణ రహస్యముగా ధ్వనిముద్రితమై మఱుసటి యక్టోబరులో బయటపడగా సభాధ్యక్షురాలు రాజీనామా చేసెను. ఆ సభ్యులు మువ్వురును డెమొక్రాటులే. పక్షపాతమును మాత్రమే నిషేధించిన చట్టమున కీ కుట్ర చిక్కునా? ప్రతి గదిలోను యంత్రము పెట్టింపగలమా?

అందుచే కలము చేయి మారవలయును. పెద్దవాడు పంచిన చిన్నవాడు ముందు కోరుకొనవలెనను ధర్మము మన యన్నదమ్ముల పంపకములందు నెఱిగినదే. లాస్ ఏంజిలీసులో 21 మంది సలహాసంఘముండెడిది. దానిని నియమించువారు పదవులలోని వారే, దాని పటమును దిద్దువారును సభ్యులే. కంచె చేను మేయుట యిదియే. 2024 నవంబరులో ఓటర్లు ఆ యధికారమును స్వతంత్ర సంఘమున కప్పగించిరి. ఫెడరలు న్యాయస్థానములను నమ్ముకొని లాభములేదు. పక్షపాతపు హద్దుల తగవు తమ విచారణకు రాదని 2019లో సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో చెప్పివేసెను.

స్వతంత్ర సంఘములైనను చిరస్థాయులు కావు. 2025 నవంబరులో టెక్సాసు పటమునకు ప్రతిగా కాలిఫోర్నియా ఓటర్లే తమ సంఘము గీచిన కాంగ్రెసు హద్దులను 2030 ఎన్నికలవరకు ప్రక్కకు పెట్టిరి. పొరుగువాడు తూకము తగ్గించెనని తన త్రాసును తానే వంచుకొనుట మాకు రుచింపలేదు. నగరసభల హద్దులను ఆ తీర్మానము తాకలేదు. 2030 జనగణన తరువాత లాస్ ఏంజిలీసు వార్డులను క్రొత్త సంఘమే గీయవలసి యున్నది.