కదిలిపోయిన ఫొటో

మూడు రోజుల్లో 900 ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే అన్నిట్లోనూ ఒకటే ఎరుపు.

కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలోని ఆడమ్స్ నది దగ్గర తీసినవవి. ఏటా అక్టోబరులో సాకై సాల్మన్ చేపలు పసిఫిక్ నుంచి ఫ్రేజర్, థాంప్సన్ నదుల మీదుగా దాదాపు 500 కిలోమీటర్లు ఎదురీది, పుట్టినచోటే గుడ్లు పెట్టడానికి ఇక్కడికి చేరతాయి. నాలుగేళ్ళకోసారి ఆ రాక పోటెత్తుతుంది. నేను వెళ్ళిన 2018 అలాంటి ఏడాదే. గోదావరి పక్కన పెరిగినవాణ్ణి. మా పులసా సముద్రం నుంచి ఎదురీది వచ్చేదే. కానీ దాన్ని వలలో చూశాను, పులుసులో చూశాను, నీళ్ళలో మాత్రం ఎప్పుడూ చూడలేదు.

మొదటిరోజు తీసినవాటిలో చేపల కన్నా ఆకాశమే ఎక్కువ. నీటి మీది మెరుపంతా లెన్సులోకి వచ్చేసింది. రెండోరోజు లెన్సుకి పోలరైజర్ ఫిల్టర్ బిగించాను. దాన్ని మెల్లగా తిప్పుతుంటే ఒకచోట తెర తీసినట్టు నది అడుగు బయటపడుతుంది. అయితే వెలుతురు సగానికో పావుకో పడిపోతుంది. ఆటోఫోకస్ అలల్ని పట్టుకుని చేపల్ని వదిలేస్తుంటే, ఫోకస్ చేత్తోనే తిప్పుకున్నాను. నీళ్ళలోకి మాత్రం దిగకూడదు. గులకరాళ్ళ కింద గుడ్లుంటాయి, కాలు పడితే చితికిపోతాయి.

ఒడ్డున అందరి గురీ మగచేప మీదే. ఎర్రటి ఒళ్ళు, ఆకుపచ్చ తల, వీపు మీద గూని, కొక్కెంలా వంగిన మూతి. నదిలో అడుగుపెట్టాక అది తిండి ముట్టదు. కండలోని రంగే చర్మంలోకి వచ్చి అలా ఎర్రబడుతుంది. నా 900లో ముప్పాతిక వంతు దాని ఫొటోలే.

మూడోరోజు మబ్బు పట్టింది. నీటి మీది మెరుపు తగ్గాక ఒక ఆడచేప కంటపడింది. పక్కకి ఒరిగి తోకతో రాళ్ళను కొడుతోంది. గుంట తవ్వుతోంది. మగది వచ్చి ఆనుకోగానే రెండూ నోళ్ళు తెరిచి వణికాయి. కొన్ని సెకన్లే. తర్వాత ఆడది కాస్త ఎగువకి జరిగి మళ్ళీ తవ్వింది. అక్కడ లేచిన రాళ్ళు ప్రవాహంలో కొట్టుకొచ్చి ఇక్కడి గుడ్లను కప్పాయి. తవ్వీ తవ్వీ దాని తోక చర్మం ఊడి తెల్లబారింది. ఇక కొద్దిరోజులు గూటికి కాపలా కాసి అక్కడే చనిపోతుంది.

1/1000 సెకనులో తీశాను. ప్రతి రాయీ స్పష్టంగా పడింది, చేప మాత్రం పక్కకి ఒరిగి అప్పుడే చచ్చిపోయినట్టుంది. షట్టర్‌ను 1/30కి దించాను. ఎన్నో పాడయ్యాక ఒక్కటి కుదిరింది. తల కాస్త నిలకడగా, తోక తెల్లటి మసకగా.

గోడకి ఆ ఒక్కటే తగిలించాను. చూసినవాళ్ళు "అయ్యో, కదిలిపోయిందే!" అంటారు. అవును, కదిలింది. అందుకే ఉంచుకున్నాను.