సుమతిని ఎవరూ అడగలేదు

'కల్కి 2898 ఏడీ' 2024 జూన్ 27న విడుదలైంది. ఆ ఆదివారమే ఉప్పల్లో మా అత్తమ్మతో కలిసి మొదటిసారి చూశాను. రెండోసారి ఈమధ్య ఇంట్లో, కాగితం కలం పట్టుకుని చూశాను. మొదటిసారి హాల్లోంచి బయటికొస్తూ అత్తమ్మ, "పాపం, ఆ పోరికి ఏం గావాల్నో ఒక్కలన్న అడిగిండ్రా?" అంది. సినిమా మీద నేను చదివిన సమీక్షలు గ్రాఫిక్స్ గురించీ, కారు గురించీ, ప్రభాస్ ఎంతసేపు కనిపించాడన్న దాని గురించీ మాట్లాడాయి. అసలు విమర్శ మా అత్తమ్మ చేసిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కథ కురుక్షేత్రం ముగిసిన చోట మొదలవుతుంది. ఉత్తర గర్భం మీద అస్త్రం వేసిన అశ్వత్థామను కృష్ణుడు శపిస్తాడు. రాబోయే కల్కిని మోసే తల్లిని కాపాడటమే అతనికి ప్రాయశ్చిత్తం. అక్కడినుంచి ఆరువేల ఏళ్లు దాటితే, భూమ్మీద మిగిలిన ఆఖరి నగరం కాశీ. గంగ ఎండిపోయింది. ఆకాశంలో తలకిందుల పిరమిడ్‌లా 'కాంప్లెక్స్'. నీళ్లూ, పచ్చదనమూ, పండ్లూ అన్నీ అక్కడే. దానికి ఎదురుగా ఎక్కడో దాగిన శంబల. ఒకరిది యంత్రబలం, మరొకరిది ఎదురుచూపు. మనిషి నేలను వదిలి పైకి వెళ్లాక కూడా సాధనాలుగా, నమ్మకాలుగా చీలిపోయే ఉంటాడన్న ఊహ సైన్స్ ఫిక్షన్‌లో పాతదే. తెలుగులో ఇంత ఖర్చుతో, ఇంత ధైర్యంగా దాన్ని తెరకెక్కించిన నాగ్ అశ్విన్‌ని మెచ్చుకోవాల్సిందే.

కానీ ఈ రెండు శిబిరాలూ దేనికోసం కొట్టుకుంటున్నాయి? ఒక ఆడమనిషి గర్భం కోసం. కాంప్లెక్స్‌లో గర్భధారణకు పనికొచ్చే ఆడవాళ్లను పట్టుకొచ్చి, వాళ్ల గర్భంలోంచి తీసిన రసంతో యాస్కిన్ బతుకును పొడిగిస్తుంటారు. దీపికా పదుకోణె పాత్రకు అక్కడ పేరు లేదు, 'సమ్-80' అన్న గుర్తే. పారిపోయే దారిలో ఆ గుర్తే సుమతిగా మారుతుంది. కల్కి తల్లి పేరు సుమతి అని పురాణం. మన తెలుగు పిల్లలకి మాత్రం సుమతి అంటే శతకంలో నీతులు చెప్పించుకునే ఆ శ్రోతే. ఎవరు చెప్పినా వింటూ ఉండటమే సుమతి పని! (ఆ శతకంలో ఆడవాళ్ల మీదున్న పద్యాల సంగతి ఇంకోసారి రాస్తాను.) శంబలలో ఆమెకు గౌరవం దక్కుతుంది, నిజమే. శోభన పోషించిన మరియం కళ్లల్లో ఆ ఆర్తి మర్చిపోలేం. అయితే ఆ గౌరవం ఎవరికి? లోపలున్న వాడికి. కాంప్లెక్స్‌కి ఆమె సీసా అయితే, శంబలకి ఆమె గుడి. సీసాని గానీ గుడిని గానీ ఏం కావాలని అడిగేదెవరు?

బిడ్డను దక్కించుకోవాలన్న తపన సుమతిదే, దాన్ని కాదనను. కానీ దర్శకుడు ఆమెకిచ్చిన కోరిక అదొక్కటే. ఆమె ఎక్కడ పుట్టింది, ఏం చదివింది, దేనికి నవ్వుతుంది, మనకు తెలియదు. మంటల్లోంచి నడిచొచ్చే దృశ్యానికి హాల్లో ఈలలు మోగాయి. సీతను చూసిన కళ్లు మనవి, మంటలు చూడగానే చేతులు జోడిస్తాం. అన్నా బెన్ చేసిన కైరా మాత్రం కాసేపు మనిషిలా నవ్వింది, పోట్లాడింది, దారిలోనే చచ్చిపోయింది. 'మహానటి' తీసిన దర్శకుడి నుంచి ఇంతకన్నా ఆశించాను.

ఇంకో సంగతి. 2898లో సంతానశక్తి పోయిందంటారు గానీ, పరీక్షలన్నీ ఆడపిల్లలకే. రాయా అన్న చిన్నపిల్ల మగవేషంలో బతకాల్సి వస్తుంది. మగవాళ్ల సంగతేమిటని ఎవరూ అడగరు. నేను సినిమా చూసిన హాలుకి కాస్త దూరంలో, ఉప్పల్ రోడ్డు మీదే సీసీఎంబీ ఉంది. మగవారిలో సంతానలేమికి వై క్రోమోజోమ్‌తో ఉన్న సంబంధం మీద అక్కడి శాస్త్రవేత్తలు పరిశోధించి పత్రాలు ప్రచురించారు. ఇరవై ఒకటో శతాబ్దపు హబ్సిగూడకి తెలిసింది ఇరవై తొమ్మిదో శతాబ్దపు కాశీకి తెలియలేదు.

ఇదంతా నేను పక్కన నిలబడి రాయలేను. మేముండేది నాచారంలో. పెళ్లయిన నాలుగేళ్లకి నేనూ ఒక సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్లాను. ఫైలు మీద నా పేరుకంటే ముందు నంబరుండేది. ఆరునెలలు నాకే పరీక్షలు, మా ఆయనకి పరీక్ష రాసింది ఆ తర్వాత. 2021లో వచ్చిన చట్టం ప్రకారం రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. తీసుకున్నారు. చదవకుండా ఎన్ని పేజీల మీద సంతకం పెట్టానో లెక్కలేదు. అదేకాలంలో అత్తమ్మ యాదగిరిగుట్ట నర్సింహస్వామికి ముడుపు కట్టింది. ఒక శనివారం పొద్దున ఇంజక్షన్ వేయించుకుని, మధ్యాహ్నం ఉప్పల్ రింగురోడ్డు దగ్గర గుట్ట బస్సెక్కాను. డాక్టరుకి ముడుపంటే నవ్వు, అత్తమ్మకి ఇంజక్షనంటే అనుమానం. వాళ్లిద్దరికీ పడని విషయాలు వంద. నా ఒళ్లు ఎవరి పనికోసం అన్నదాంట్లో మాత్రం తేడా ఏమీ లేదు. సినిమా నుంచి తిరిగొస్తుంటే ఆటోలో, హబ్సిగూడ దాటాక, అత్తమ్మ ఉన్నట్టుండి నా మోకాలి మీద చెయ్యేసి, "నీకు గావాల్నా బిడ్డా?" అంది. అన్నేళ్లలో ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. నాకు వెంటనే జవాబు రాలేదు. తర్వాత నెలకి వైద్యం మానేశాను.

సాధనాల పోటీని ఇంకోలా ఊహించిన కథ ఒకటి మనకు దగ్గర్లోనే ఉంది. బేగం రొకేయా 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో వచ్చింది. దాని సంపాదకురాలు కమలా సత్యనాథన్ రాజమండ్రిలో పుట్టిన మనమ్మాయి, అసలు పేరు హన్నా రత్నం కృష్ణమ్మ. ఈ సంగతి నా పరిశోధన చివరి ఏడాదిలో గానీ నాకు తెలియలేదంటే మన సిలబస్సుల్ని ఏమనాలి? ఆ కథలో ఆడవాళ్ల విశ్వవిద్యాలయాలు రెండు. ఒకటి మబ్బుల్లోంచి నీళ్లు దించుకునే ఉపాయం కనిపెడుతుంది. అది చూసి అసూయపడి రెండోది సూర్యుడి వేడిని పోగుచేసి దాచుకోవడం నేర్చుకుంటుంది. అక్కడా పోటీ ఉంది, అసూయ ఉంది, కానీ పంతం నీళ్ల మీద, ఎండ మీద. మగవాళ్లు అప్పుడు సైన్యాన్ని పెంచుకునే పనిలో ఉంటారు. రొకేయా కథలో నాకు నచ్చనిది లేకపోలేదు. మగవాళ్లని మర్దానాలో పెట్టి తలుపు వేయడం పరదాని తిరగేయడమే తప్ప తీసేయడం కాదు. అయినా ఎగిరే బండి ఎక్కిన ఆమె ఆడవాళ్లు ఎక్కడికో పనిమీద వెళ్తున్నారు. మన సుమతిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎవరో ఒకరు మోసుకుపోతూనే ఉంటారు. మొదటి భాగం ముగిసేసరికి కూడా ఆమె ఇంకొకరి చేతుల్లోనే ఉంది.

2025 సెప్టెంబరులో వైజయంతీ మూవీస్, రెండో భాగంలో దీపిక ఉండబోరని ప్రకటించింది. కారణాల జోలికి నేను పోను. మొదటి భాగం ప్రచారానికి ఆమె నిండు కడుపుతో వచ్చింది, తెరమీదా కడుపుతోనే ఉంది. ఇప్పుడు సుమతి మొహం మారుతుందో, కథే మారుతుందో తెలియదు. మొహం మారినా అసలు కథకు ఏ ఇబ్బందీ రాదన్నదే నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. అశ్వత్థామ మారితే ఊరుకుంటామా, భైరవ మారితే ఒప్పుకుంటామా? ఈ మాట అంటే అత్తమ్మ, "కడుపున్నది గదా, సాలు వాళ్లకు" అంది, వక్కలు కొరుకుతూ.