నలభై ఆవులూ, ఒక పిల్లీ

మనవరాలి వరసయ్యే అమ్మాయి లండన్‌లోని హీల్స్ అనే ఫర్నిచర్ కొట్టు మీద పుస్తకం రాసి, "ముందుమాట మీరే రాయాలి తాతయ్యా" అంటే నవ్వొచ్చింది. లండన్ సంగతి నాకేం తెలుసు? తెలిసిందల్లా మా నాన్నగారి పరుపుల కొట్టు. బూరుగు దూది ఏకుతుంటే లేచే నూగుకి పొద్దుగూకే దాకా తుమ్ములు. అయితే హీల్స్ వారి వ్యాపారం కూడా పరుపుల్లో కూరే ఈకలు శుద్ధి చేసే పనితోనే మొదలైందని రెండో పేజీలో కనబడగానే, ఓహో, వీళ్లూ మన తుమ్ములవాళ్లేనన్నమాట అనుకుని కళ్లజోడు సర్దుకున్నాను.

జాన్ హారిస్ హీల్ 1810లో కొట్టు పెట్టాడు. 1818లో టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డుకు మారాడు. 1833లో ఆయన పోతే, భార్య ఫానీ కొడుకుని పక్కన పెట్టుకుని వ్యాపారం నడిపింది. వ్యాపార కుటుంబాల చరిత్రల్లో ఇలాంటి ఇల్లాలికి ఒక వాక్యం దక్కితే గొప్ప. ఈ అమ్మాయి ఆవిడకొక అధ్యాయమే ఇచ్చింది. మా కొట్టు పద్దులన్నీ నాయనమ్మ నోటి మీదే ఉండేవి, బోర్డు మీద మాత్రం తాతయ్య పేరు. అందుకని ఆ అధ్యాయం రెండుసార్లు చదివాను.

1840లో వాళ్లు అదే రోడ్డులో 196వ నంబరు స్థలానికి వచ్చారు. పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే. అది ఒకప్పటి పశువుల పాక, గుర్రపు శాలల చోటు. కనీసం నలభై ఆవులకు సరైన వసతి ఉంచాలని లీజులో షరతు! అంతకుముందు ఆ పొలంలో కేపర్ అనే ఇంటిపేరుగల అక్కచెల్లెళ్లు ఇద్దరు ఉండేవారట. ఒకావిడ గుర్రమెక్కి పెద్ద కత్తెరతో పిల్లల గాలిపటాల దారాలు కత్తిరించేది. ఇంకొకావిడ, అక్కడ ఈతకు దిగిన కుర్రాళ్ల బట్టలు ఎత్తుకుపోయేది. జె.టి. స్మిత్ అనే ఆయన తన జ్ఞాపకాల్లో రాయబట్టి ఈ ముసలమ్మలు మనదాకా వచ్చారు. భవనం గురించి రాసేవాళ్లు స్తంభాల దగ్గర మొదలెడతారు. ఈ అమ్మాయి పేడకళ్ల దగ్గర మొదలెట్టింది, అది నాకు బాగుంది.

1854లో లాకియర్ అనే వాస్తుశిల్పి గీసిన భవనం లేచింది. డికెన్స్ నవలలు నెలనెలా విడి భాగాలుగా వెలువడే రోజుల్లో వాటి అట్టల మీద హీల్ మంచాల ప్రకటనలు పడేవి. ఈ సంగతులు పుస్తకంలో కాస్త త్వరగా దాటిపోయాయి. దాటినా నష్టం లేదు, ఎందుకంటే తర్వాత వచ్చేది ఆంబ్రోజ్ హీల్.

వార్విక్‌లో వడ్రంగం నేర్చుకుని 1893లో కొట్టులో చేరాడాయన. 1898లో నగిషీలేని ఓక్ సామాను కేటలాగు వేశాడు. దాన్ని జైలు సామానని కొట్టులో అమ్మేవాళ్లే ఎగతాళి చేశారట. నా పక్షపాతం చెప్పేస్తాను: నగిషీ చెక్కి, లప్పం పెట్టి, పాలిష్ కొడితే అతుకులో లోపం కనబడదు. చదును చెక్కలో దాచడానికి చోటేదీ? కొనేవాళ్లు అలవాటు పడేదాకా ఆ మనిషి పట్టు విడవలేదు. పాత లండన్ వర్తకుల చీటీలు కూడా పోగేసి, 1925లో వాటి మీద పుస్తకం వేశాడు. వ్యాపారం చేసుకుంటూ తన వృత్తి చరిత్ర రాసిపెట్టిన వర్తకులు ఎక్కడైనా తక్కువే.

ఇప్పుడు చూసే భవనం ముఖభాగంలో చాలావరకు 1916 నాటిది. గీసింది ఆంబ్రోజ్ బంధువు సెసిల్ బ్రూవర్, ఆయన భాగస్వామి డన్‌బార్ స్మిత్. మరుసటేడు పైఅంతస్తులో మాన్సార్డ్ గేలరీ తెరిచారు. 1919లో అక్కడ పికాసో, మతీస్, మొదిలియానీల బొమ్మలు వేలాడాయి, కింద మంచాల బేరం సాగుతూనే ఉంది. తర్వాత 101 డాల్మేషన్ల కథ రాసిన డోడీ స్మిత్ ఒకప్పుడు ఇక్కడ బొమ్మల విభాగం చూసుకునేది.

ఒక్క తగువు. ఈకలు ఏరినవాళ్ల, పరుపులు కుట్టినవాళ్ల మాట పుస్తకంలో తక్కువ. యజమానుల ఉత్తరాలు దొరుకుతాయి, కూలీల ఉత్తరాలు దొరకవని అమ్మాయి సమాధానం. నిజమే కావచ్చు. కానీ పరుపు కుట్టే సూది ఎంత పొడుగుంటుందో, చెయ్యి ఎక్కడ కాయకాస్తుందో ఉత్తరాల్లో వెతకనక్కర్లేదు. నన్నడిగితే చెప్పేవాణ్ని.

1983లో కుటుంబం కొట్టును టెరెన్స్ కాన్రన్ సంస్థకు అమ్మేసింది. ఆ అధ్యాయం అమ్మాయి ఏడుపుగొట్టుగా రాయనందుకు మెచ్చుకున్నాను. బ్రూవర్ గీసిన మెలికల మెట్ల మీద కిటికీ దగ్గర కంచు పిల్లి ఒకటుంది. ఒకసారి దాన్ని ఎవరో కొనబోతే ఆంబ్రోజ్ అడ్డుపడి, ఇది అమ్మకానికి కాదని రాసి పెట్టించాడు. నూట డెబ్భై ఏళ్లకు పైగా అమ్మకమే పనిగా బతికిన ఇంటివాళ్లు అమ్మమన్నది అదొక్కటి. పుస్తకంలో ఆ పిల్లి ఫొటో తపాలా బిళ్ల అంత వేశారు. రెండో ముద్రణలో పేజీ నిండా వేయమని పబ్లిషర్‌కు చెప్పమ్మా.