పచ్చగుర్తు వెలిగాక మొదలయ్యే పని

వీపీఎన్ ‘కనెక్టెడ్’ అనే చూపిస్తుంది. చాట్ నడుస్తుంది, మెయిళ్ల శీర్షికలు వచ్చి పడుతుంటాయి. ఆఫీసు పోర్టల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పేజీ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. పాస్‌వర్డ్ గడువు తీరిందనో, ఓటీపీ తీసుకోవట్లేదనో హెల్ప్‌డెస్క్‌కి వచ్చే ఫోన్లు రోజూ ఉండేవే. సపోర్ట్ ఇంజినీరు పనితనం తెలిసేది ఇలా కొంత పనిచేసి కొంత ఆగే ఫిర్యాదులో. ఇక్కడ ఏదీ పూర్తిగా చెడిపోలేదు మరి.

హైదరాబాద్‌లో ఒక కంపెనీ నెట్‌వర్క్ సపోర్టులో పనిచేసే ఇంజినీరు ఒకావిడ ఇలాంటి చిక్కు విప్పుతుంటే పక్కనే కూర్చుని చూశాను. అవతల కాకినాడలో ఇంటి నుంచి పనిచేస్తున్న పెద్దాయన. ఫోన్ ఎత్తగానే ‘ఒకసారి డిస్కనెక్ట్ చేసి మళ్లీ కనెక్ట్ చేయండి’ అనడం చాలామందికి అలవాటు. దాంతో కుదరకపోతే అన్‌ఇన్‌స్టాల్. ఆవిడ ఆ దారి పట్టలేదు.

“సార్, ఇప్పుడేమీ మార్చకండి. పేజీ అసలు రావట్లేదా, కొంత వచ్చి ఆగిపోతోందా?”

“కొంత వచ్చి ఆగిపోతోందమ్మా.”

ఆ ఒక్క జవాబుతో సగం అనుమానాలు తీరిపోయాయి. సర్వర్ పేరు దొరక్కపోయినా, దారే లేకపోయినా ఆ కొంత కూడా రాదు. అంటే చిన్న ప్యాకెట్లు పోతున్నాయి, పెద్దవి ఎక్కడో రాలిపోతున్నాయి.

ఆయన అప్పటికే పింగ్ కొట్టి, అంటే సర్వర్‌కి ఒక చిన్న ప్యాకెట్ పంపి చూశారట, జవాబు వస్తోందట. విండోస్‌లో మామూలు పింగ్ మోసుకెళ్లేది 32 బైట్లే. అంత చిన్నది ఎలాంటి దారిలోనైనా దూరిపోతుంది కాబట్టి ఆ జవాబుని నమ్మి నెట్‌వర్క్ బాగుందనడానికి లేదు. ఆవిడ అదే పింగ్‌ని వేరేగా వాడారు: ముక్కలు చేయకూడదని షరతు పెట్టి, సైజు తనే చెప్పి. 1300 బైట్లకు ఆఫీసు సర్వర్ పలికింది. 1372కి పలకలేదు. మధ్యకు వచ్చి 1336 అడిగారు, లేదు. 1318, వచ్చింది. 1327, వచ్చింది. 1331, వచ్చింది. 1333, లేదు. 1332, వచ్చింది. దానికి ఐపీ హెడర్ 20, పింగ్ వాడే ఐసీఎంపీ హెడర్ 8 కలిపితే 1360. ఆ వీపీఎన్ టన్నెల్లో పట్టే ప్యాకెట్ అంతే. ల్యాప్‌టాప్‌లోని వీపీఎన్ అడాప్టర్ మాత్రం 1400 పడుతుందనుకుని పంపిస్తోంది. ఊహకు తావివ్వకుండా ప్రతి అడుగుకీ అనుమానాన్ని సగానికి సగం కోసుకుంటూ పోవడం చూస్తుంటే నాకు ముచ్చటేసింది.

ఈ పింగ్ కూడా ఇలాంటి పనితనంలోంచి పుట్టిందే. అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ రీసెర్చ్ లాబొరేటరీలో మైక్ మ్యూస్ 1983 డిసెంబర్‌లో, నెట్‌వర్క్ ఏదో తేడాగా నడుస్తుంటే కారణం పట్టుకోవడానికి ఒక్క రాత్రిలో రాసిన చిన్న ప్రోగ్రామ్ అది. నలభై ఏళ్లు దాటినా సపోర్ట్ వాళ్ల చెయ్యి ముందు దాని మీదకే పోతుంది.

మరి పెద్ద ప్యాకెట్ పట్టనప్పుడు దారిలోని రూటర్ ఆ మాట చెప్పాలి కదా? చెప్పాలి. ‘ఇది నాకు పట్టదు, తగ్గించి పంపు’ అని వెనక్కి కబురు పెట్టే ఏర్పాటు 1990లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1191 అనే ప్రమాణంలోనే ఉంది. కానీ ఆ కబురు ఐసీఎంపీ రూపంలో రావాలి. భద్రత పేరుతో కొన్ని ఫైర్‌వాల్స్ పింగ్‌ని వదిలి, ఇలాంటి ఐసీఎంపీ కబుర్లను ఆపేస్తాయి. దాంతో ప్యాకెట్టూ చేరదు, చేరలేదన్న కబురూ రాదు. అందుకే ఆవిడ తెర మీద వచ్చే వాక్యాన్ని కూడా జాగ్రత్తగా చదివించారు. ‘ముక్కలు చేయాలి, కానీ చేయొద్దన్నారు’ అనే అర్థంలో జవాబొస్తే పరిమితి తెలిసినవాళ్లు ఎవరో చెబుతున్నట్టు. ‘టైమ్డ్ అవుట్’ అని ఊరుకుంటే చెప్పాల్సినవాళ్ల నోరు ఎక్కడో నొక్కేసినట్టు. కాకినాడ ల్యాప్‌టాప్‌లో కనిపించింది రెండోదే.

మందు చాలా చిన్నది. అడాప్టర్ ఎంటీయూని, అంటే అది పంపే ప్యాకెట్ గరిష్ఠ సైజుని, 1340కి దించారు, 1360 కంటే ఒక ఇరవై తక్కువగా, వెసులుబాటు కోసం. సర్వర్ని ముట్టుకోనే లేదు. కనెక్షన్ మొదలయ్యేటప్పుడే ల్యాప్‌టాప్ తాను ఎంత ముక్క తీసుకోగలదో సర్వర్‌కి చెబుతుంది. ఇక్కడ అంకె తగ్గగానే అవతలి నుంచి వచ్చేవీ తగ్గుతాయి. ఒక చివర మార్చి రెండు దిక్కులూ సరిచేయడమంటే ఇదే. పోర్టల్ తెరుచుకుంది.

మిగతా జబ్బులకు ఆవిడ దగ్గర ఉన్నవి పొట్టి పరీక్షలే. పేరుతో రాని సైటు ఐపీ నంబరుతో వస్తే తప్పు డీఎన్ఎస్‌ది: వీపీఎన్ కలిసినా ల్యాప్‌టాప్ ఇంకా ఇంటి ఇంటర్నెట్ వాళ్లనే పేర్లు అడుగుతోంది, ఆఫీసు లోపలి పేర్లు వాళ్లకు తెలియవు. ఇంటి రూటరూ ఆఫీసూ ఒకే 192.168.1 వరుస వాడుతుంటే, ఆఫీసు ప్రింటర్ కోసం పోయే ప్యాకెట్ ఇంట్లోనే తిరుగుతుంది. ఇంటి రూటర్ వరుస మార్చాలి. కాసేపు పని ఆపినప్పుడల్లా తెగిపోతుంటే, వాడని కనెక్షన్‌ని మధ్యలో ఏదో రూటర్ మరిచిపోతోందన్నమాట; వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌లో ఇందుకోసం 25 సెకన్లకోసారి ఒక ఖాళీ ప్యాకెట్ పంపేలా పెట్టుకుంటారు. ఫోన్ యాప్ చూపించే ఓటీపీ ఎన్నిసార్లు కొట్టినా తప్పంటుంటే ముందు ఫోన్ గడియారం చూడాలి, ఆ అంకెలు సాధారణంగా 30 సెకన్లకోసారి సమయాన్ని బట్టే మారుతాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆవిడ టికెట్ మూసిన తీరు. ‘సమస్య పరిష్కారమైంది’ అని రాసి ఊరుకోలేదు. పాత విలువ 1400, కొత్త విలువ 1340, పింగ్ పలికిన ఆఖరి సైజు 1332, జవాబు లేకుండా పోయింది 1333 నుంచి, ‘తగ్గించి పంపు’ అనే ఐసీఎంపీ కబురు వెనక్కి రావట్లేదు, గేట్‌వే బృందం చూడాలి. తర్వాతి షిఫ్టులో ఇలాంటి ఫోన్ మరొకటి వస్తే, ఎత్తినవాళ్లు 1300తో మొదలుపెట్టక్కర్లేదు.