మూలం లేని అనువాదం: కోలామీ భాష, ‘మాండలికం’ అనే విమర్శ పరిభాష

ఉత్తర తెలంగాణ సాహిత్య విమర్శ గత నాలుగు దశాబ్దాల్లో సాధించిన విజయాల్లో యాసకు గౌరవం దక్కించడం ప్రధానమైనది. శ్రీరాంపూర్, నస్పూర్ వంటి బొగ్గుగనుల ఊళ్ల వాడుక మాట ప్రామాణిక భాషకు తక్కువది కాదని అల్లం రాజయ్య, పి. చంద్ వంటి రచయితల రచనలు నిరూపించాయి. విమర్శ ఆ నిరూపణను సిద్ధాంతంగా మలచుకొంది. అయితే నస్పూర్ నుంచి పడమటి కొండలకు, తిర్యాణి, జైనూర్ మండలాల కోలాం గూడేలకు వెళ్లేసరికి అదే విమర్శకు పరికరాలు చాలవు. అక్కడి భాషను కూడా ‘మాండలికం’ అనేయడం మన పండితలోకంలోనూ అప్పుడప్పుడు వినిపిస్తుంది. తన యాసకు గౌరవం కోరి గెలిచిన సాహిత్యం పొరుగువారి భాషను యాసగా లెక్కగట్టడం చిన్న పొరపాటు కాదు.

కోలామీ తెలుగు మాండలికం కాదు. ద్రావిడ భాషల వర్గీకరణలో తెలుగు, గోండి, కొండ, కువి భాషలు దక్షిణ-మధ్య శాఖకు చెందగా, కోలామీ నాయకీ, పర్జీ, గదబలతో కలిసి మధ్య శాఖకు చెందుతుంది. అంటే కోలాములకు ఇరుగుపొరుగైన గోండుల భాష తెలుగుకు దగ్గరి చుట్టం. కోలామీ దూరపు చుట్టం. తెలుగు ‘చెవి’కి కోలామీలో ‘కెవ్’; ‘కార్చిచ్చు’లోని ‘చిచ్చు’కు ‘కిస్’. తెలుగులో తాలవ్యీకరణం చెంది చకారమైన ధ్వని కోలామీలో కకారంగానే నిలిచింది.

సంఖ్యావాచకాలు ఇంకా ఆసక్తికరం. తెలుగులో ఇద్దరు పురుషులైనా ఇద్దరు స్త్రీలైనా ‘ఇద్దరే’. కోలామీలో పురుషులకు ‘ఇద్దర్’, స్త్రీలకు ‘ఇరల్’. ‘ముగ్గుర్’కు ఎదురుగా ‘ముయల్’. స్త్రీలను లెక్కించడానికి వేరే మాట ఉన్న భాష ఇది. ఐదు మొదలు పై సంఖ్యలు మాత్రం చాలావరకు తెలుగు నుంచి వెళ్లినవే. సంతలో, షావుకారు దగ్గర, అటవీ అధికారి ముందు లెక్క తెలుగులో సాగవలసివచ్చిన చరిత్ర ఈ అరువులో కనిపిస్తుంది. ఈ అరువును చూసి భాష మొత్తాన్నీ తెలుగు ఖాతాలో వేసుకోవడం, అప్పిచ్చిన షావుకారు పొలం రాయించుకోవడం వంటిదే.

ఇందుకు భిన్నమైన మరో ధోరణీ ఉంది. అది మరింత మర్యాదగా కనిపిస్తుంది కనుక మరింత జాగ్రత్తగా పరిశీలించవలసినది. హైదరాబాదు రాష్ట్ర అధికారి సేతుమాధవరావు 1950లో, ఎమెనో 1955లో కోలామీ వ్యాకరణాలు వెలువరించారు. ఇవి తులనాత్మక అధ్యయనానికి విలువైన ఆకరాలు. కాని తెలుగు శాఖల్లో ‘కెవ్’, ‘కిస్’ వంటి మాటలను తెలుగు పూర్వరూపాలకు సాక్ష్యాలుగా ఉదహరించి, అంతటితో ఆగిపోతే కోలామీ మన ఇంటి పాతసామాన్ల గదిగా మారుతుంది. ఆ మాటలతో ఈనాడు పిల్లలను పిలిచేవారు, తగవులాడేవారు ఉన్నారన్న స్పృహ అందులో ఉండదు. 2011 జనగణన ప్రకారం కోలామీ మాతృభాషగా గలవారు 1,28,451 మంది. వారిలో ఎక్కువమంది మహారాష్ట్రలో ఉన్నారు.

పేరు విషయంలోనూ ఇదే పెనుగులాట. తెలుగువారు వారిని ‘మన్నెవార్లు’ అన్నారు. అది నివాసాన్ని బట్టి పెట్టిన పేరు. గ్రామదేవతల కొలుపుల్లో కోలాముల పౌరోహిత్యాన్ని గుర్తించిన గోండులు ‘పూజారి’ అన్నారు. అది వృత్తిని బట్టి వచ్చిన పేరు. వారు తమను తాము ‘కొలావర్’ అనుకొంటారు. తెలంగాణ షెడ్యూల్డు తెగల జాబితాలో ‘కోలాం, కొలవార్’ అనే నమోదు ఉంది. ప్రభుత్వ జాబితా స్వీయనామానికి ఇచ్చిన చోటు సాహిత్య విమర్శలో ఇంకా దొరకవలసి ఉంది.

ఈ నేపథ్యంలో సాహు, అల్లం రాజయ్యల ‘కొమురం భీం’ (1983) నవలను మరొక కోణంలో చదవవచ్చు. జోడేఘాట్ పోరాటాన్ని తెలుగు పాఠకుల ముందుకు తెచ్చిన ఈ నవల విలువ నిర్వివాదం. అయితే భీం మాతృభాష గోండి; ఆ కొండల్లో గోండులతో కలిసి బతికిన కోలాముల భాష కోలామీ. నవలలో వారందరూ తెలుగులో మాట్లాడక తప్పదు. అది రచయితల లోపం కాదు, తెలుగు నవల అనే ప్రక్రియ హద్దు. ఒక విధంగా ఇది మూలం లేని అనువాదం: ఏ గోండి గ్రంథమూ ముందు లేకుండానే గోండి జీవితం తెలుగులోకి వచ్చింది. అనువాద విమర్శ సాధారణంగా వేసే ప్రశ్నలు (ఏది పోయింది, ఏది మారింది, ఎవరి గొంతు ఎవరి నోట పలికింది) ఈ నవలకూ వర్తిస్తాయి. నవలను పోరాట చరిత్రగానో ప్రాంతీయ భాషా వైభవంగానో చదివినంతకాలం ఈ ప్రశ్నలు తలెత్తవు. పాత్రల తెలుగును ‘ఆదివాసీ మాండలికం’గా మెచ్చుకొనే పాఠకుడు, తనకు తెలియకుండానే, ఆ పాత్రలకు వేరే భాష ఉందన్న విషయాన్ని చెరిపేస్తాడు.

గోండికి గుంజాల గ్రామంలో లభించిన లిపి ఉంది. అది 2018లో యూనికోడ్‌లో చేరింది. కోలామీకి అటువంటి లిపి ఆసరా లేదు. తెలంగాణలో తెలుగు లిపిలో, మహారాష్ట్రలో దేవనాగరిలో రాస్తున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో మొదలైన మాతృభాషాధారిత బహుభాషా విద్యలో ఎంచుకొన్న ఎనిమిది భాషల్లో కోలామీ ఒకటి. అందుకోసం తయారైన వాచకాలను విద్యావిభాగాల సామగ్రిగా వదిలేయకుండా, కోలామీ రాతకు తొలి పాఠాలుగా తెలుగు శాఖలు చదవవలసి ఉంది. ఆ వాచకాల్లో ‘ఇరల్’ అనే మాట నిలిచిందో, ‘ఇద్దర్’ దాని చోటునూ ఆక్రమించిందో చూడడంతో ఆ పఠనం మొదలుకావచ్చు.